పునరభినయంలో చారిత్రక ప్రామాణ్యం: స్కాట్లండ్ అనుభవం, బొబ్బిలి యుద్ధం, రామతీర్థం

వ్యాససంగ్రహం

గతకాలపు సంఘటనను లేదా జీవన విధానాన్ని మనుషులే వేషం ధరించి, ఆయుధాలూ పనిముట్లూ చేతపట్టి కళ్ళముందు నిలిపే ప్రదర్శనలను సజీవ చరిత్ర ప్రదర్శనలు అంటారు. స్కాట్లండ్‌లో ఇవి విస్తరించిన కొద్దీ వాటి ప్రామాణ్యాన్ని గురించిన చర్చ కూడా విస్తరించింది. ఉత్తరాంధ్రలో 1757 నాటి బొబ్బిలి యుద్ధం కథాగానంగా, నాటకంగా, చలనచిత్రంగా తరతరాలుగా పునరభినయం పొందుతూ వచ్చింది. ఈ అభినయాల్లోని వివరాలు ఏ ఆధారాల మీద నిలిచాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వేషంలోని సూక్ష్మ వివరాలను సరిచూడటంతో ప్రామాణ్యం పూర్తికాదనీ, ఏ వివరం సాక్ష్యం నుంచి వచ్చిందో, ఏది ఊహ నుంచి వచ్చిందో ప్రేక్షకునికి తెలియజేయడం అందులో ప్రధాన భాగమనీ, అందుకు కావలసిన సాధనం తెలుగు కథాగాన రూపాల్లోనే ఉన్నదనీ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పునరభినయం, సజీవ చరిత్ర, బొబ్బిలి యుద్ధం, కలోడెన్, బుర్రకథ, రామతీర్థం, చారిత్రక ప్రామాణ్యం.

1. ప్రవేశిక

విజయనగరానికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల మండలంలో ఉన్న రామతీర్థం మూడు మతాల చరిత్ర పక్కపక్కనే నిలిచిన స్థలం. గురుభక్తుల కొండ మీద బౌద్ధ స్తూప, చైత్య, విహారాల ఇటుక అవశేషాలున్నాయి. దుర్గకొండ మీద జైన శిల్పాలు, తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుని కాలపు శాసనం ఉన్నాయి. కొండ మీదా, దిగువన ఊరిలోనూ రామాలయాలున్నాయి. 20వ శతాబ్ది ఆరంభంలో అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపినప్పటి నుంచి ఈ స్థలం పురావస్తు పరిశోధకులకు సుపరిచితం. అయినప్పటికీ ఈ కొండల మీద నివసించిన భిక్షువునో, జైన మునినో వేషం కట్టి చూపే ప్రసిద్ధ ప్రదర్శన సంప్రదాయమేదీ ఇక్కడ ఏర్పడలేదు.

అదే జిల్లాలోని బొబ్బిలిలో పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. 1757 జనవరి 24న పతనమైన మట్టికోటలో నేడు చూపడానికి మిగిలింది అత్యల్పం. ఆ స్థలాన్ని గుర్తుచేసేది తర్వాతి కాలంలో నిలిపిన స్మారక స్తూపమే. కానీ ఆ ఒక్కరోజును పాడినవారు, ఆడినవారు, తెరకెక్కించినవారు లెక్కకు మిక్కిలి. నేలమీద ఆధారం దండిగా ఉన్నచోట అభినయం లేదు. అభినయం దండిగా ఉన్నచోట నేలమీది ఆధారం పలచన. ఉత్తరాంధ్ర చరిత్రకు సంబంధించినంతవరకు ప్రామాణ్య చర్చ ఈ వైరుధ్యం నుంచి మొదలుకావలసి ఉంటుంది.

చరిత్ర అధ్యయనమంటేనే గతకాలపు ఆలోచనను మనసులో పునరభినయించడమని ఆర్. జి. కాలింగ్‌వుడ్ ప్రతిపాదించాడు. ఆయన మరణానంతరం 1946లో వెలువడిన 'ది ఐడియా ఆఫ్ హిస్టరీ'లో ఈ భావన విస్తృతంగా చర్చకు వచ్చింది. ఆయన చెప్పింది వేషధారణ గురించి కాదు. ఒక రాజు సంధిని ఎందుకు నిరాకరించాడో అతని ఎదుట ఉన్న పరిస్థితిలోంచి తిరిగి ఆలోచించగలగడమే చరిత్రకారుని పని అని ఆయన భావం. వేషం, ఆయుధం, గుడారం మొదలైన బాహ్య వివరాలన్నీ సరిగా ఉండి కూడా ఆ ఆలోచన తప్పిపోయే అవకాశం ఉంది. ప్రదర్శనకారులు సాధారణంగా బాహ్య వివరాల గురించే వాదులాడుకుంటారు; అవి కంటికి కనబడతాయి, తప్పుపట్టడం కూడా తేలిక.

2. కలోడెన్, గళ్ళ గుడ్డ

సజీవ చరిత్ర ప్రదర్శనల్లో ప్రామాణ్య సమస్యకు స్కాట్లండ్ అందరూ ఉదహరించే దేశం. కారణం ఒక గుడ్డ. ఒక్కొక్క వంశానికి ఒక్కొక్క గళ్ళ నమూనా అనాది నుంచి ఉన్నదని, దాన్ని కిల్టుగా చుట్టుకొని ఉన్నతభూముల యోధులు పోరాడారని లోకమంతా నమ్ముతుంది. గళ్ళ నేత పాతదే. ఉన్నతభూముల వారు పొడవైన దుప్పటిని నడుముకు కట్టి భుజం మీదుగా వేసుకోవడం 16వ శతాబ్ది చివరి నుంచి వర్ణనల్లో కనిపిస్తుంది. అయితే నడుము కింది భాగాన్ని మాత్రమే విడదీసి కుట్టిన పొట్టి కిల్టు 18వ శతాబ్ది తొలి భాగానిది. ఇనుప కొలిమి నడిపిన థామస్ రాలిన్సన్ అనే ఆంగ్లేయుడు తన పనివారికోసం దాన్ని రూపొందించాడన్న కథనాన్ని హ్యూ ట్రెవర్-రోపర్ 1983లో ప్రసిద్ధం చేశాడు. ఆ కథనంతో అందరూ ఏకీభవించలేదు. కానీ వంశానికొక నమూనా అన్న ఏర్పాటు చాలావరకు 19వ శతాబ్దిలో స్థిరపడినదే అన్న విషయంలో పెద్దగా వివాదం లేదు. 1822లో నాలుగవ జార్జి ఎడింబరో పర్యటనకు వాల్టర్ స్కాట్ చేసిన ఏర్పాట్లు, బానక్‌బర్న్‌లోని విల్సన్ సంస్థ వారి 1819 నాటి నేత నమూనాల పుస్తకం, 1842లో ఇద్దరు సోదరులు పురాతన ప్రతి నుంచి తీసినట్లు చెప్పి ప్రచురించిన 'వెస్టియేరియం స్కోటికం' ఈ సంప్రదాయానికి రూపం ఇచ్చాయి.

1746 ఏప్రిల్ 16న కలోడెన్ మైదానంలో జరిగిన యుద్ధాన్ని అభినయించేవారికి ఇది నేరుగా తగిలే సమస్య. ఆ యుద్ధం నాటి సైనికులను చూపే డేవిడ్ మొరియే చిత్రంలో ఒకే యోధుడు రెండు మూడు వేర్వేరు గళ్ళ నమూనాలు ధరించి కనిపిస్తాడు. ఎవరు ఏ పక్షమో తెలిపేది గుడ్డ మీది గళ్ళు కావు, టోపీకి పెట్టుకున్న తెల్లని రిబ్బను ముడి. మైదానంలో జరిగిన పురావస్తు సర్వేలో దొరికిన తుపాకి గుండ్లు మరో నమ్మకాన్ని సడలించాయి. స్టూవర్టు పక్షంవారు కత్తితో మాత్రమే దూసుకొచ్చినవారని ప్రసిద్ధి. వారు తుపాకులను అనుకున్నదానికంటే ఎక్కువగా వాడారని ఆ గుండ్లు సూచించాయి. అన్నింటికీ మించినది పక్షాల విభజన. స్కాట్లండ్ ఒకవైపు, ఇంగ్లండ్ మరొకవైపు అన్న చిత్రం ప్రజల మనసులో పాతుకుపోయింది. నిజానికి కంబర్లండ్ డ్యూకు సేనలో స్కాట్ దళాలున్నాయి, ఎదుటి సేనలో ఫ్రెంచి కొలువులోని ఐరిష్ దళాలున్నాయి.

ఇంకా వెనక్కి, సెల్టు జాతుల ఇనుపయుగానికి వెళితే చేతికందే సాక్ష్యం మరీ చిన్నది. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ ఉప్పుగనుల్లో ఉప్పు కారణంగా చెడకుండా నిలిచిన గుడ్డ పీలికలే ఆ కాలపు నేతకు ప్రత్యక్ష సాక్షులు. అందుకే ఇంగ్లండ్‌లో 1972లో పీటర్ రెనాల్డ్స్ ఆధ్వర్యంలో మొదలైన బట్సర్ పురాతన క్షేత్రం వేషాల కంటే పనులకు పెద్దపీట వేసింది. తవ్వకంలో దొరికిన గుంజల గుంతల ఆధారంగా గుండ్రని ఇల్లు కట్టడం, పాతరలో ధాన్యం నిల్వచేసి ఎంత పాడైందో కొలవడం అక్కడి పద్ధతి. పొరపాటు జరిగితే ఇల్లే చెప్తుంది, నటుడు చెప్పనక్కరలేదు.

3. బొబ్బిలికి ఉన్న ఆధారాలు

కలోడెన్‌కు పదకొండేళ్ళ తర్వాత బొబ్బిలి యుద్ధం జరిగింది. దీనికి ప్రధానమైన ఆంగ్ల కథనం రాబర్ట్ ఓర్మ్‌ది. ఆయన గ్రంథం రెండవ సంపుటం 1778లో వెలువడింది. ఓర్మ్ ఆనాడు మద్రాసు కౌన్సిలు సభ్యుడు. బొబ్బిలి ముట్టడికి ప్రత్యక్ష సాక్షి కాదు. తెలుగులో దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము' అనే పద్యకావ్యం, పెద్దాడ మల్లేశం పేరుతో ప్రసిద్ధమైన బొబ్బిలి కథ ఉన్నాయి. వేదం వేంకటరాయశాస్త్రి దీన్ని నాటకంగా మలిచారు. షేక్ నాజర్ బుర్రకథగా ఊరూరా వినిపించారు. 1964లో ఎన్.టి. రామారావు, ఎస్.వి. రంగారావు, భానుమతి నటించిన 'బొబ్బిలి యుద్ధం', 1986లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో 'తాండ్ర పాపారాయుడు' చిత్రాలు వచ్చాయి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి రచించిన 'టెక్స్‌చర్స్ ఆఫ్ టైమ్' (2001) ఈ యుద్ధపు కథనాలను ఒకదానితో ఒకటి పోల్చి చర్చించింది. దక్షిణ భారతంలో చరిత్రకు ప్రత్యేక ప్రక్రియ లేకపోయినా, రచన అల్లికను బట్టి ఏది జరిగిన కథగా చెప్పబడుతోందో సమకాలీన శ్రోత గ్రహించేవాడని ఆ గ్రంథకర్తల వాదం.

ఈ వాదం అభినయానికి ఎంతవరకు వర్తిస్తుందన్నది ఆలోచించదగినది. కావ్యం చదివే పాఠకునికి, కథ వినే శ్రోతకు ఉన్న ఆ గ్రహింపు, రంగస్థలం ముందు కూర్చున్న ప్రేక్షకునికి అదే తీరులో ఉండదు. కళ్ళ ఎదుట మనిషి నిలబడి మాట్లాడుతున్నప్పుడు "అట" అన్న మాటకు చోటు లేదు. చెప్పే కథలో వదంతిగా ఉన్నది ఆడే కథలో దృశ్యమై కూర్చుంటుంది.

ఓర్మ్ కథనం ప్రకారం బుస్సీ 750 మంది ఐరోపావారితో, నాలుగు ఫిరంగులతో వచ్చాడు. ఆయన వెంట విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు తానే నడిపించిన బంట్లు, సిపాయిలు 11,000 మంది ఉన్నారు. ఈ సంఖ్యలను అక్షరాలా నమ్మనక్కరలేదు. నిష్పత్తి మాత్రం గమనించదగినది. ముట్టడించిన సేనలో అత్యధికులు ఇదే సీమవారు. బొబ్బిలి యుద్ధాన్ని తెలుగువారికీ పరాయివారికీ జరిగిన పోరుగా చూపే ప్రదర్శన, కలోడెన్‌ను స్కాట్లండ్‌కూ ఇంగ్లండ్‌కూ జరిగిన పోరుగా చూపే ప్రదర్శన చేసిన పొరపాటునే చేస్తుంది. బుస్సీ పాత్రధారి ఎర్రకోటు, నీలికోటు తేడా గురించి తర్జనభర్జన పడుతుండగా ఈ పెద్ద పొరపాటు ఎవరి కంటా పడకుండా జారిపోతుంది.

4. గుడారంలో హత్య

ఈ కథలో అత్యంత ప్రసిద్ధమైన ఘట్టం విజయరామరాజు హత్య. ప్రజల స్మృతిలో దాని కర్త ఒక్కడే: తాండ్ర పాపారాయుడు. రాజాం నుంచి ఆలస్యంగా చేరుకొని, కోట కూలిన తర్వాత శత్రు శిబిరంలో ప్రవేశించి ప్రతీకారం తీర్చుకున్న వీరుడిగా అతడు కథల్లో, తెరమీద, ఊరి విగ్రహాల్లో నిలిచాడు.

ఓర్మ్ చెప్పేది వేరు. రంగారావు నేలకొరగడం చూసిన నలుగురు సైనికులు కోటలో ఒక మూల దాగి, రాత్రి గోడ దిగి, శత్రుసేన గుడారాల మధ్యగా నడిచి పొదల్లోకి చేరారు. రెండు రోజులు కాచుకొని, శిబిరంలో సందడి తగ్గాక వారిలో ఇద్దరు విజయరామరాజు డేరా వెనుకగా పాకి లోపలికి ప్రవేశించారు. నిద్రలో ఉన్న ఆయనను బాకులతో పొడిచారు. కావలివారు వచ్చి కాల్చేదాకా పారిపోయే ప్రయత్నం చేయలేదు. మృతదేహం మీద 32 గాయాలున్నాయి. విజయరామరాజు స్థూలకాయుడనీ, ఎవరైనా చేయి అందిస్తే తప్ప ఆసనం నుంచి లేవలేకపోయేవాడనీ కూడా ఓర్మ్ నమోదు చేశాడు. ఆ సైనికుల పేర్లు ఆయన చెప్పలేదు.

ఈ రెండు కథనాల్లో ఏది నిజమని తీర్పు చెప్పడం ఇక్కడి పని కాదు. అభినయించేవారు మాత్రం ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. వేదిక మీద డేరాలోకి ప్రవేశించేది ఒకరో ఇద్దరో తేలాలి. పాపారాయుని ఎంచుకుంటే ఘట్టం ఒక వీరుని ప్రతిజ్ఞాపూర్తి అవుతుంది. పేరులేని ఇద్దరిని ఎంచుకుంటే అది ప్రభువు మరణించిన తర్వాత కూడా కొలువు విడవని సామాన్య బంట్ల కథ అవుతుంది. నిద్రపోతున్న, లేవలేని మనిషిని పొడవడం, లేచి కత్తి దూసిన శత్రువుతో ద్వంద్వయుద్ధం చేయడం అన్నవి కూడా ఒకే భావాన్ని ఇవ్వవు. రంగస్థలానికి రెండవది అనువైనది. అందువల్లనే దాన్ని అనుమానించవలసి ఉంటుంది.

ఓర్మ్ కథనంలో ఒక చిన్న వివరం మిగతావాటికంటే విలువైనది. ఆ సైనికులు శత్రు శిబిరంలో రెండుసార్లు పట్టుబడకుండా నడవగలిగింది భాష ఒక్కటే కావడం వల్ల. కావలివాడు పలకరించాడు, వీరు తెలుగులో బదులిచ్చారు, దారి దొరికింది. ఏ వేషమూ, ఏ ఆయుధమూ చెప్పలేని సత్యాన్ని ఈ ఒక్క సంభాషణ చెబుతుంది. పునరభినయంలో ఈ క్షణాన్ని నిలపడానికి ఖర్చేమీ లేదు: చీకటి, ఒక ప్రశ్న, ఉత్తరాంధ్ర యాసలో ఒక సమాధానం చాలు. అయినా వీరగాథా పద్ధతిలో సాగే ప్రదర్శనకు ఇది నప్పదు. శత్రువు తనలాగే మాట్లాడతాడన్న స్పృహ వీరరసానికి ఇబ్బంది కలిగిస్తుంది.

కాలింగ్‌వుడ్ చెప్పిన ఆలోచన పునరభినయానికి కూడా ఇక్కడే చోటుంది. బొబ్బిలిని వదిలి వెళితే దానికి దీటైన భూములు వేరేచోట ఇస్తానని బుస్సీ కబురు పంపినట్లు ఓర్మ్ చెబుతాడు. రంగారావు నిరాకరించాడు. ఆదాయం లెక్కన చూస్తే నష్టం లేని మార్పిడిని ఒక జమీందారు ప్రాణం మీదకు తెచ్చుకొని ఎందుకు కాదన్నాడు? పొరుగు సంస్థానంతో హద్దుల గురించీ నీటి గురించీ ఉన్న తగాదాలు, తాతల నాటి కోటను పొరుగువాని మాట మీద ఖాళీ చేయడంలోని అవమానం, ఖాళీ చేసిన తర్వాత మాట నిలుస్తుందన్న నమ్మకం లేకపోవడం ఇవన్నీ ఆ నిర్ణయంలో ఉన్నాయి. వీటిని తీసివేసి పౌరుషం అనే ఒక్క మాటతో సరిపెట్టిన రంగారావు పాత్ర ఎంత సరైన కత్తి పట్టుకున్నా చారిత్రక పాత్ర కాదు.

5. కోట, గుడ్డ, తుపాకి

భౌతిక వివరాలు అప్రధానమని దీని అర్థం కాదు. కోట అనగానే నేటి ప్రేక్షకుని మనసులో గోల్కొండ వంటి రాతి ప్రాకారం మెదులుతుంది. బొబ్బిలిది మెదిపిన మట్టిని పొరమీద పొరగా పేర్చి ఎండబెట్టి లేపిన గోడ, మూలల్లో బురుజులు, చుట్టూ దట్టమైన పొదల అడవి. ఇది తెలిస్తేనే నాలుగు చిన్న ఫిరంగులు ఎందుకు చాలాయో, గోడకు గండిపడ్డాక కూడా లోపలికి చొరబడటం ఎందుకంత కష్టమైందో బోధపడుతుంది. రాతికోట బొమ్మగీసిన తెర ముందు ఆడే యుద్ధం ఆ తర్కాన్ని చెరిపేస్తుంది.

దుస్తుల విషయంలో బొబ్బిలికి మొరియే చిత్రం వంటి ప్రసిద్ధమైన సమకాలీన చిత్రమేదీ లేదు. ఆ ఖాళీని పద్యనాటకపు అద్దె దుస్తులు నింపాయి: మఖమల్ అంగరఖా, తళుకుల కిరీటం, మెరిసే నడికట్టు. ఇవి 1757 నాటివి కావు, నాటక సమాజాల నాటివి. స్కాట్లండ్‌లో 1822 నాటి ఊరేగింపు దుస్తులు 1746కు అంటగట్టబడినట్లే ఇదీ జరిగింది. అద్దె దుకాణం మీద నింద వేయడం అన్యాయం. అది చరిత్ర చెబుతానని ఎవరికీ మాట ఇవ్వలేదు. రసాయనిక రంగులు 1856 తర్వాత పుట్టినవి. కనుక కనీసం ఒక మెట్టు పైకెక్కాలంటే ముదురు గులాబీ, ఊదా రంగులు వదిలి నీలిమందు, చిరివేరు ఇచ్చే రంగులకు పరిమితం కావచ్చు. చేనేత నూలు గుడ్డకు దూరం వెళ్ళనక్కరలేదు. వాలుగ చేప దవడతో దూదిని శుభ్రపరిచే పద్ధతిని నిలుపుకున్న పొందూరు పక్కనే ఉంది. అంతమాత్రాన పొందూరు ఖాదీ కట్టినవాడు 1757 నాటి బంటు అయిపోడు. నేత పద్ధతి పాతదన్నంతవరకే ఆ వాదన నిలుస్తుంది. ఆ కట్టు, ఆ కుట్టు మాత్రం ఊహే.

తుపాకి విషయంలో అవగాహన కొంత మెరుగు. ఫ్రెంచి సైనికుల చేతిలో ఉన్నది చెకుముకి రాయి రాపిడితో పేలే తుపాకి. జమీందారీ బంట్లలో వత్తి అంటించి పేల్చే తుపాకి, ఈటె, కత్తి, డాలు కలిసి ఉండేవి. శిక్షణ పొందిన సైనికుడు చెకుముకి తుపాకిని నిమిషానికి రెండు మూడుసార్లు పేల్చగలడు. వత్తి తుపాకి అంతకంటే నెమ్మది. పేల్చిన ప్రతిసారీ పొగ కమ్ముతుంది, తిరిగి మందు దట్టించేదాకా ఆ మనిషి నిస్సహాయుడు. ఈ నిదానాన్ని, ఈ పొగను చూపని యుద్ధ దృశ్యం నేటి ఆయుధాల వేగాన్ని 18వ శతాబ్దికి అంటగడుతుంది. 1959 నాటి ఆయుధాల చట్టం కింద నిజమైన తుపాకికి లైసెన్సు తప్పనిసరి కాబట్టి ఇక్కడి ప్రదర్శనకారులు కొయ్య నమూనాలే వాడుతారు. అది లోపం కాదు. మందు దట్టించే చేతుల కదలికలను కొయ్య తుపాకితో కూడా యథాతథంగా చూపవచ్చు.

6. కోటలోని స్త్రీలు

ఓర్మ్ కథనంలో చదవడానికి అతి కష్టమైన భాగం కోటలోని స్త్రీల, పిల్లల మరణం. ఓటమి తప్పదని తేలాక ఇళ్ళకు నిప్పుపెట్టి, బయటికి వచ్చినవారిని సొంత మనుషులే చంపారని అందులో ఉంది. ఒక వృద్ధుడు కాపాడి శిబిరానికి తీసుకువచ్చిన రంగారావు కుమారుడు మిగిలాడు. తర్వాతి రంగస్థల సంప్రదాయం ఈ మరణాలను సాధారణంగా స్త్రీల ఆత్మార్పణంగా, రాణి మల్లమ్మ నోట పలికే గంభీరమైన వీడ్కోలుగా చూపుతుంది.

మల్లమ్మకు, ఆమె పరివారంలోని దాసీలకు, వారి పిల్లలకు ఒకే నిర్ణయం, ఒకే ఇష్టం ఉన్నదని అనుకోవడానికి ఆధారం లేదు. పిల్లలు నిర్ణయం తీసుకోలేరు. ఈ ఘట్టాన్ని ఆత్మార్పణగా మాత్రమే ఆడే ప్రదర్శన, చనిపోయినవారి తరఫున సమ్మతి పత్రం రాసి ఇస్తుంది. సజీవ చరిత్ర ప్రదర్శనలో అతి పెద్ద బాధ్యత ఇదే. కత్తి పిడి తప్పుగా ఉంటే ఎవరికీ అన్యాయం జరగదు. నోరులేని వారికి మాటలు పెట్టినప్పుడు జరుగుతుంది. ఈ దృశ్యాన్ని అసలు చూపకుండా, బయట నిలబడినవారి కళ్ళలోంచి, పొగ రూపంలో మాత్రమే సూచించడం ఒక మార్గం. సాక్ష్యం కూడా వెలుపలి నుంచి వచ్చినదే కనుక ఆ మార్గం కళకే కాక ప్రామాణ్యానికీ దగ్గర.

7. ఉత్సవం వేరు, కథనం వేరు

విజయనగరంలో ఏటా దసరా తర్వాత జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం కూడా బొబ్బిలి యుద్ధ స్మృతితో ముడిపడినదే. అమ్మవారు విజయరామరాజు సోదరి అని, యుద్ధం వద్దని వారించిందని ఐతిహ్యం. చింతమాను కొన మీద కూర్చున్న పూజారి గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల ముందు నడుస్తాయి. ఇందులో 1757 నాటి దుస్తులున్నాయా అని ఎవరూ అడగరు, అడగనక్కరలేదు. ఉత్సవం ఆ సంఘటనను చూపుతానని అనదు. ఆ సంఘటనతో ఊరికున్న బంధాన్ని ఏటా తిరిగి కడుతుంది. దాని ప్రామాణ్యం క్రమం తప్పకపోవడంలో ఉంది. దీనికి చారిత్రక పునరభినయపు గీటురాయి పెట్టడం ఎంత అసంగతమో, చారిత్రక పునరభినయం తన తప్పులకు "ఇది మా సంప్రదాయం" అని ఉత్సవపు నీడ పట్టడం కూడా అంతే అసంగతం.

ఈ రెంటికీ నడుమ కథాగానం నిలుస్తుంది. సజీవ చరిత్ర ప్రదర్శనల్లో రెండు పద్ధతులున్నాయి. నటుడు తానే ఆ కాలపు మనిషినన్నట్లు మాట్లాడటం ఒకటి; వేషంలో ఉండి కూడా నేటి మనిషిగా ఆ కాలం గురించి వివరించడం మరొకటి. మొదటిది ఆకర్షణీయం, రెండవది నిజాయితీకి అనుకూలం. 1964లోనే, అంటే బొబ్బిలి యుద్ధం తెరకెక్కిన ఏడాదే, పీటర్ వాట్కిన్స్ బీబీసీ కోసం తీసిన 'కలోడెన్' ఈ చిక్కును వింతగా విడదీసింది. అందులో నటించినవారు వృత్తి నటులు కారు. టెలివిజన్ విలేకరి 1746 నాటి యుద్ధభూమిలో నిలబడి సైనికులను ప్రశ్నలడుగుతాడు. నీ జీతమెంత, నువ్వెందుకొచ్చావు అని అడుగుతాడు. ఆ కాలంలో ఉండే అవకాశమే లేని ఆ విలేకరి వల్ల చిత్రం మరింత నమ్మదగినదైంది; ప్రశ్న ఎక్కడ మొదలవుతుందో, సాక్ష్యం ఎక్కడ ఆగుతుందో ప్రేక్షకునికి కనబడింది.

ఈ విలేకరి పనిని బుర్రకథలో వంత ఎప్పటి నుంచో చేస్తున్నాడు. తంబుర పట్టిన కథకుడు రంగారావుగా రెండు మాటలు పలికి, మరుక్షణం కథకుడిగా మారిపోతాడు. గుమ్మెట పట్టిన వంతలలో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం చెబుతారు; అడ్డుతగిలి ప్రశ్నిస్తారు, నేటి సంగతితో ముడిపెడతారు. ఒకే నోట అందరూ పలకడం వల్ల ఏ వేషమూ పూర్తిగా నిజమని భ్రమ కలగదు. ఉత్తరాంధ్రకే చెందిన జముకుల కథలోనూ కథకునికి, వంతకు మధ్య ఇటువంటి ఇచ్చిపుచ్చుకోలు ఉంది. డేరా ఘట్టం వచ్చినప్పుడు "లోపలికి వెళ్ళింది ఒక్కడా, ఇద్దరా?" అని వంత అడగవచ్చు. "దొర పుస్తకంలో ఇద్దరు, మన కథలో ఒక్కడు" అని కథకుడు బదులివ్వవచ్చు. ఆ తర్వాత పాపారాయుని వీరగాథ పాడినా ప్రేక్షకుడు మోసపోడు, రసం చెడదు. పాదసూచిక వేదికమీదకు ఎక్కే దారి ఇంతకంటే తేలికైనది మరొకటి కనబడదు.

8. తిరిగి రామతీర్థానికి

వంత పద్ధతికి అసలైన పరీక్ష రామతీర్థంలో ఎదురవుతుంది. అక్కడ పాడుకునే వీరుడు లేడు, యుద్ధం లేదు. ఉన్నవి గోడల పునాదులు, గదుల వరుసలు, శిల్పాలు, శాసనం. బట్సర్ క్షేత్రంలో లాగా పని నుంచి మొదలుపెడితే ఇక్కడ చేయదగినవి కొన్ని ఉన్నాయి. అవశేషాలను తాకకుండా, కొండ దిగువన వేరే స్థలంలో విహారపు గది ఒకటి అదే కొలతలతో కట్టి, అందులో ఒక మనిషి పడుకోగలడా, వానకాలంలో కొండ మీది నీరు ఎటు పారుతుంది, భిక్షకు దిగువ ఊరికి నడిచి వెళ్ళి రావడానికి ఎంత సేపు పడుతుంది అన్నవి పరీక్షించవచ్చు. కళాశాల విద్యార్థులు ఒక వానకాలం చేయగలిగిన పని ఇది. ఏ చీవరం ఏ రంగు అన్న వివాదం లోకి దిగకుండానే ఆ కొండ మీది జీవితం గురించి కొంత తెలుస్తుంది.

దుర్గకొండ శాసనం మరో హెచ్చరిక చేస్తుంది. 11వ శతాబ్ది తొలి దశకాల్లో వేంగిని ఏలిన విమలాదిత్యుని గురువుగా అందులో పేర్కొన్న దేశిగణాచార్యుడు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు. ఆయన ఈ కొండకు వందనం చేసినట్లు ఆ శాసనం చెబుతుంది. శాసనం భాష కన్నడం. తెలుగు నేల నడిబొడ్డున, తెలుగు రాజు గురువుగా వేషం కట్టిన నటుడు ధారాళంగా తెలుగులో ఉపదేశం చేస్తే చూసేవారికి అనుమానమే రాదు. ఆ నటుని పక్కన ఒక వంత నిలబడి, "స్వామీ, ఆ రాతి మీద మీ మాట కన్నడంలో ఉందే!" అని అడగాలి.